సొరకాయ శిక్ష

"సిగ్గు లేదట్రా నీకు? వేళకి నీళ్ళు, వేళకి తిండి, ఎండ తగలకుండా నెత్తిన గుడ్డ! కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. ఇంతా చేస్తే నువ్వు వెలగబెట్టిందేమిటి? అడుగుతుంటే మాట్లాడవేం?"

అవతలివాడు మాట్లాడలేదు.

"పక్కవాణ్ణి చూడు! నీకంటే వెనకొచ్చాడు. వాడికప్పుడే నలుగురు పిల్లలు! నీకు గోడెక్కి వీధిలో పోయేవాళ్ళని చూడ్డం తప్ప వేరే పని లేదా? రేపటికల్లా బుద్ధి మారకపోతే నరికేస్తా. మొదలంటా నరికి అవతల పారేస్తా!"

కింద మూడో అంతస్తులో పడుకున్న ఫొటోగ్రాఫర్ దిగ్గున లేచి కూర్చున్నాడు. ఆ ఇంట్లో అద్దెకు దిగి చాలా కాలమే అయినా, పెళ్ళిళ్ళ వెంట తిరిగే మనిషి కాబట్టి పగటిపూట ఇంట్లో ఉండటం అదే మొదలు. పైన హత్య జరగబోతోందనుకున్నాడు. లుంగీ బిగించుకుని, ఆయుధంగా కెమెరా స్టాండు పట్టుకుని, ఒక్కొక్క అంగలో రెండేసి మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తాడు.

పైన తెల్ల నిక్కరు, మెడలో ఈల, చేతిలో బెత్తంతో రిటైరైన డ్రిల్లు మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన ఎదురుగా పిట్టగోడ మీదికి పాకి, వీధిలోకి తొంగిచూస్తూ ఒక సొరపాదు.

"ఎవర్ని... ఎవర్ని నరుకుతానంటున్నారు?" అన్నాడు ఫొటోగ్రాఫర్ రొప్పుతూ.

"ఈ సోమరిపోతుని! నువ్వు వాడి తరఫునొచ్చావా?"

మొక్కలతో ప్రేమగా మాట్లాడేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పాటలు వినిపించేవాళ్ళూ ఉన్నారు. మాస్టారు మాత్రం తిట్టి పెంచుతారు. విత్తనం నాటేటప్పుడు ఓ తిట్టు, మొలకెత్తితే "ఇంతాలస్యమా?" అని ఇంకో తిట్టు, కాయ కోసేటప్పుడు "ఇదొక కాయా?" అని ఆఖరి తిట్టు. "ఇన్నేళ్ళు బళ్ళో పిల్లల్ని తిట్టాను. ఒక్కడూ పాడవలేదు. వీళ్ళెందుకు పాడవుతారు?" అన్నది ఆయన వ్యవసాయ శాస్త్రం.

మొదట్లో డాబా మీద నాలుగే కుండీలుండేవి. మహమ్మారి వచ్చి, దుకాణాలకి తాళాలు పడి, వీధిలోకి కూరల బండి రావడం మానేసిన రోజున మాస్టారు డాబా మధ్యలో నిలబడి ఈల ఊదారు. "ఇవాళ్టి నించీ మన తిండి మనమే పండించుకోవాలి. ఈ బిల్డింగులో ఎవడూ ఎవడిముందూ చెయ్యి చాచేది లేదు!" వినడానికి అక్కడ ఎవరూ లేరు. నాలుగు కుండీలూ విన్నాయి.

అక్కణ్ణించి తోట ఎటు పడితే అటు పెరిగిపోయింది. పగిలిన బకెట్లలో వంగ, రంగు డబ్బాల్లో టమాటా, నిలువునా కోసిన నీళ్ళ డ్రమ్ములో పాలకూర, పాడైన వాషింగ్ మెషిన్ తొట్టిలో బెండ, ఎవరో పారేసిన హెల్మెట్టులో కొత్తిమీర. ఆయన పాత డ్రిల్లు బూట్లలో పుదీనా. అన్నీ వరసలు తీరి ఉండేవి. వరస తప్పిన డబ్బాని బూటుతో సర్ది, "అటెన్షన్!" అనేవారు. పొద్దున్నే హాజరు కూడా తీసేవారు. పుదీనా ఒక్కటే ఆయన చేత తిట్లు తినేది కాదు. బూట్లలో ఉంది కదా, క్రమశిక్షణ దానికి వేళ్ళలోంచే వచ్చేసిందట.

ఫొటోగ్రాఫర్‌కి ఇవేవీ నవ్వు తెప్పించలేదు. ఆ రోజుల్లో అతనికి ప్రతిదాని మీదా కోపమే. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి రద్దయిపోయాయి. చివరికి జరిగిన ఒక్క పెళ్ళీ ఫోనులో జరిగింది. "మీరెందుకు బాబూ, మేమే స్క్రీన్‌షాట్ తీసేసుకున్నాం" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి. ఆ మాటకి అతని ఒళ్ళు మండిన మంట వారం దాకా చల్లారలేదు. చదువు మధ్యలో మానేసి కెమెరా పట్టుకున్నందుకు ఇంటా బయటా పడ్డ మాటలు చాలవన్నట్టు, ఇప్పుడా కెమెరా బీరువాలో బట్టల మధ్య పడుకుంది. తిరిగే ఫ్యాను మీద కోపం, మోగని ఫోను మీద కోపం. పడగ్గది పైకప్పు మీద తేమ మచ్చ ఒకటి రోజురోజుకీ పెద్దదవుతోంది, దాని మీద మరీ కోపం.

దానికి తోడు మాస్టారి శిక్షలు.

మొదటి శిక్ష కిటికీ మూలంగా పడింది. గాలికి రెక్క కొట్టుకుంది. వెంటనే తలుపు దబదబా బాదారు మాస్టారు.

"కిటికీ అలా వదిలేశావేం? ఆ చప్పుడికి నా బెండ మొక్కలు బెదిరిపోయాయి. చెయ్యి చాపు!"

ఆ గొంతులో ఏముందో గాని, పెళ్ళయిన మగాడు, నాలుగో క్లాసు పిల్లాడిలా రెండు చేతులూ చాపి కళ్ళు మూసుకున్నాడు. బెత్తం పడలేదు. రెండు సొరకాయలు పడ్డాయి.

"శిక్ష! రెండూ తినాలి. తిన్నావో లేదో తొక్కలు చూస్తా. అవి నా ఎరువుకి కావాలి!" అని, వెనక్కి తిరిగి లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

తర్వాత తుమ్మినందుకు వంకాయలు పడ్డాయి. మెట్ల మీద ఈల వేసినందుకు, "ఈల వెయ్యడానికి నువ్వెవడివి, డ్రిల్లు మాస్టారివా?" అని పాలకూర పడింది. కింద అంతస్తులో కుట్టుమిషన్ అక్కకి టమాటాల శిక్ష. ఆవిడ మిషన్ చప్పుడికి వాటికి నిద్ర పట్టట్లేదట. బడిపిల్లల్ని తిప్పే వ్యాన్ డ్రైవర్‌కైతే, బళ్ళు మూసేశాక కదలకుండా పడున్న వ్యాను "నా తోటకేసి అదోలా చూస్తోంది" అని బుట్టెడు బెండకాయలు.

"ఒక్కటి గమనించారా?" అంది ఫొటోగ్రాఫర్ భార్య, సొరకాయ చెక్కు తీస్తూ. "మన వంటింట్లో ఏమీ లేనిరోజునే ఈ మాస్టారికి మన మీద కోపమొస్తుంది."

"నీకు నవ్వులాటగా ఉంది. తిట్లు తినేది నేను!"

"కూర తినేది మాత్రం ఇద్దరం."

ఇలా ఉండగా ఫొటోగ్రాఫర్‌కి చాలా రోజుల తర్వాత ఒక పని దొరికింది. పక్కవీధిలో ఓ పెద్దమనిషి కూరల సంచులు పంచుతున్నాడు. అందరికీ పంచేది సంచి, ఆయనకి కావలసింది ఫొటో. బీరువాలోంచి కెమెరా తీసుకుని హుషారుగానే వెళ్ళాడు. వరసలో నిలబడ్డవాళ్ళలో కుట్టుమిషన్ అక్క కూడా ఉంది. ఆవిడ ఇతన్ని చూసి చప్పున తల దించుకుంది.

"అమ్మా, చెయ్యి ఇంకాస్త చాచాలి. సంచి ఫొటోలో పడాలి కదా" అన్నాడు పెద్దమనిషి. "మాస్కు దించమ్మా, మొహం తెలియాలి. ఏమయ్యా, తియ్యవేం?"

అక్క చెయ్యి చాచింది. ఆ చెయ్యి వణకడం కెమెరా కంటిలోంచి ఇంకా పెద్దదిగా కనిపించింది.

"చార్జింగ్ అయిపోయింది" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఇప్పుడేగా మొదలెట్టావు?"

"అయిపోయిందన్నానుగా! మీ ఫొటో మీరే తీసుకోండి!"

నిండా చార్జింగున్న కెమెరా భుజాన వేసుకుని, ఒళ్ళంతా కుతకుత ఉడుకుతూ ఇంటిదారి పట్టాడు. ఆ పెద్దమనిషి చెంప పగలగొట్టాల్సింది, కొట్టలేదు. ఆ కోపం ఎక్కడ దింపాలో తెలియక మెట్లు దభీదభీమని తొక్కుతూ ఎక్కుతుంటే, పైమెట్టు మీద మాస్టారు ఎదురయ్యారు. చంకలో సొరకాయ ఉంది.

"ఏమిట్రా ఆ నడక? భూకంపమనుకుని నా తోటంతా హడలిపోయింది. చెయ్యి చాపు!"

"చాపను!" అని అరిచాడు ఫొటోగ్రాఫర్. బిల్డింగంతా వినబడింది. "నేనెందుకు చాపాలి? ఏమనుకుంటున్నారు నన్ను? నాకక్కర్లేదు మీ సొరకాయ, మీ శిక్ష, మీ తోట!"

మాస్టారు తిట్టలేదు. సొరకాయని మెట్టు మీద పెట్టి, లెఫ్ట్ రైట్ లేకుండా మామూలు మనిషిలా పైకెళ్ళిపోయారు.

ఫొటోగ్రాఫర్ అదే ఊపులో సెక్రటరీ తలుపు తట్టాడు. బిల్డింగు సంఘానికి సెక్రటరీ అయిన ఆయనకి ఇంట్లోంచే ఆఫీసు నడుస్తోంది. పైన చొక్కా, టై, కింద నైట్ ప్యాంటు.

"డాబా కారుతోంది సార్. నా పడగ్గదిలో తేమ. ఆ తోట తీయించెయ్యండి!"

సెక్రటరీ మొహం వెలిగిపోయింది. "ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నానయ్యా! ఆదివారం మీటింగు. నువ్వు సాక్ష్యం చెప్పు చాలు. సాయంత్రానికి డాబా ఖాళీ."

దూరం పాటించాలి కాబట్టి మీటింగు మెట్ల మీద జరిగింది. మెట్టు వదిలి మెట్టు మీద మనుషులు, అందరికీ పైన మాస్టారు. ఈల మెడలోనే ఉంది, ఊదలేదు. పెరికిన మొక్కల్ని మళ్ళీ నాటలేమని, కాయ చేతికొచ్చే వేళకి అన్నీ పోతాయని ఆయనకి తెలుసు. 

"మాస్టారూ, మీ మీద చాలా ఫిర్యాదులు" అన్నాడు సెక్రటరీ. "కనబడ్డవాళ్ళందరికీ శిక్షలు వేస్తున్నారట. శిక్ష పడ్డవాళ్ళు చేతులెత్తండి!"

కుట్టుమిషన్ అక్క ముందుకొచ్చింది. "నా మిషన్ చప్పుడికి టమాటాలకి నిద్ర పట్టట్లేదట! కుట్టడానికి గుడ్డే లేదు మొర్రో అంటే, ఉత్తుత్తినే తొక్కుతున్నావ్ అంటారు. ఇదెక్కడి అన్యాయం? నేనూ ఊరుకోలేదులెండి, నాలుగు దులిపేశాను!"

"నా వ్యాను చూపు బాలేదంట సార్!" అన్నాడు డ్రైవర్. "వ్యానుకి చూపేంటి సార్?"

ఒక్కొక్క చెయ్యీ లేచింది. లేచిందనడం తప్పు. అలవాటు కొద్దీ అందరూ చేతులు పైకెత్తే బదులు ముందుకి చాపారు. అది చూసి ఫొటోగ్రాఫర్ కళ్ళు చిట్లించాడు. గ్రూపు ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడటం అతని వృత్తి. అక్క, డ్రైవర్, మూతపడ్డ సినిమా హాల్లో టికెట్లు చింపే తాతయ్య, జీతం ఆగిపోయిన ట్యూషన్ మేడమ్. చెయ్యి చాపినవాళ్ళలో పని ఉన్నవాడు ఒక్కడూ లేడు. పని ఉన్నవాళ్ళలో చెయ్యి చాపినవాడు ఒక్కడూ లేడు.

పెద్దమనిషి ముందు వణికిన అక్క చెయ్యి ఇక్కడ వణకట్లేదు. పైగా వేలు కూడా చూపిస్తోంది.

ఈలోగా సెక్రటరీకి ఇంకో అనుమానం వచ్చింది. "ఆగండాగండి. నాకెందుకు వెయ్యలేదు శిక్ష?"

"తమరేం తప్పు చేశారు?" అన్నారు మాస్టారు.

"నేనా? ఏం, నేను తప్పు చెయ్యలేనా? మీ బెండ తొట్టిలో సిగరెట్ పీకలు పారేసేది ఎవరనుకున్నారు? నేనే!"

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. సెక్రటరీ నాలిక్కరుచుకుని, గబగబా ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు. "అది తర్వాత! నువ్వు చెప్పవయ్యా. నీ గదిలో తేమ ఉందా లేదా?"

"ఉంది" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"విన్నారా!"

"ఉంటే? నా గది, నా పైకప్పు, నా తేమ. పడుకుని చూసేది నేను. మధ్యలో మీకేంటి నొప్పి?"

"నువ్వే కదయ్యా తీయించమన్నావు!"

"అప్పుడు కోపంలో ఉన్నా. ఇప్పుడు ఇంకా ఎక్కువ కోపంలో ఉన్నా. ఆ తోట మీద ఎవడైనా చెయ్యి వేస్తే మర్యాద దక్కదు!"

తోట నిలిచింది. మీటింగు అయ్యాక ఫొటోగ్రాఫర్ మాస్టారి వెనకాలే నాలుగు మెట్లెక్కి, "మాస్టారూ, మీరు చాలా..." అని మొదలుపెట్టాడు.

"నోర్ముయ్! మంచి మాటలు నా దగ్గర మాట్లాడతావా? చెయ్యి చాపు!"

చాపాడు. మూడు సొరకాయలు పడ్డాయి.

ఆ తర్వాత ఒక పొద్దున డాబా మీద తిట్లు వినబడలేదు. ఫొటోగ్రాఫర్ దంపతులు ఇద్దరికీ భయం వేసింది. అతను పరిగెత్తుకెళ్ళేసరికి డాబా మీదున్న మాస్టారి ఒంటిగది తలుపు లోపల గడియ వేసి ఉంది.

"దగ్గరికి రాకు" అంది తలుపు వెనక ఒక బొంగురు గొంతు. "జ్వరం. డాక్టరు ఫోన్లో చెప్పాడు, గది దాటొద్దన్నాడు. ప్రాణానికేం ఫరవాలేదట. గొంతే పోయింది."

"ఏం కావాలన్నా చెప్పండి మాస్టారూ."

"నీళ్ళు పొయ్యి. హాజరు తియ్యి. తిట్టడం మర్చిపోకు. మెత్తగా మాట్లాడావో, సొరపాదు చెడిపోతుంది. నీకు కోపం బాగానే వస్తుందిగా, దాన్ని ఊరికే పోనివ్వకు."

"అలాగే."

"ఇంకోటి." గొంతు ఇంకా తగ్గింది. ఫొటోగ్రాఫర్ తలుపుకి చెవి ఆనించాడు. "సెక్రటరీ నిన్న మెట్ల మీద కూచుని ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. ఆయన కంపెనీ ఎత్తేశారట. ఇంకా ఇంట్లో చెప్పలేదు, టై కట్టుకునే తిరుగుతున్నాడు. నువ్వెళ్ళి గట్టిగా తలుపు బాదు. ఆ సిగరెట్ పీకల నేరం ఇంకా అలాగే ఉంది కదూ? చెయ్యి చాపమను. నాలుగు సొరకాయలకి తక్కువ వెయ్యకు."