ప్రార్థనకే తగ్గిందని చెప్పాను

చానా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చర్చిలో, దేవుడి మహిమ కోసం చెప్పిన అబద్ధం. అందుకే దాన్ని ఏమని పిలవాలో ఇన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాను.

నా పేరు చెప్పను. రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో మిరపకాయల కోతకు పోతుంటాను. అక్షరాలు నేర్చుకుంది మనవరాలు పుట్టాక, బైబిలు వాక్యం సొంతంగా చదువుకోవాలని. చదవడం వచ్చాక ప్రశ్నలూ వచ్చాయి.

అప్పట్లో నాకు టీబీ. నరసరావుపేటలో మాత్రలిచ్చారు. జబ్బు పేరు తెలిస్తే కోతలో నా పక్క సాలు ఎవరూ పట్టరని, బియ్యం డబ్బాలో దాచుకుని ఆర్నెల్లు మింగాను. చర్చిలో దగ్గు అని మాత్రమే చెప్పి ప్రార్థన చేయించుకున్నాను. తగ్గింది. తగ్గాక పేరు చెప్పడానికి సిగ్గు లేకపోయింది. ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి, "టీబీ వచ్చింది, మాత్ర ముట్టలేదు, ప్రార్థనకే పోయింది" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నా వంక అంతమంది అట్లా చూడటం అదే మొదలు. మాత్రల సంగతి చెబితే దేవుడి గొప్ప తగ్గుతుందనుకున్నానా, నా గొప్ప తగ్గుతుందనుకున్నానా?

కోతల్లో నా పక్క సాలు సుశీలక్కది. ఆమెకూ అదే జబ్బు. నాలాగే చాటుగా మాత్రలు మింగుతోందని అప్పటిదాకా నాకు తెలియదు. సాక్ష్యం చెప్పిన మర్నాడు చేలో అడిగింది.

"ఏమే, నిజం చెప్పు. ఒక్క మాత్ర కూడా ఏసుకోలేదంటావా?"

"లేదక్కా."

"నేనేందే మరి, గుప్పెళ్ళు గుప్పెళ్ళు మింగుతా ఉండా, కోడి గింజలు మింగినట్టు!" నవ్వింది. "రేపట్నుంచి మానేస్తా. దేవుడు నీకొక్కదానికే చుట్టమా ఏంది?"

నేనూ నవ్వాను. వద్దక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే నిన్నటి సాక్ష్యం ఏం కావాలి?

అక్క మాత్రలు మానేసింది. జబ్బు తిరగబెట్టింది. ప్రాణం దక్కింది గానీ ఒక ఊపిరితిత్తి పాడైంది. ఇప్పుడు సాలు సగం కాకముందే గట్టున కూలబడుతుంది. నన్ను ఒక్క మాట అనలేదు. "నీకున్నంత విశ్వాసం నాకు లేకపోయిందే" అంటుంది.

దేవుడి దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే పాపం పోతుందని పాస్టరుగారు చెబుతారు, నేను నమ్ముతాను. పోయే ఉంటుంది. మరి అక్క ఊపిరి? దాన్ని క్షమించాల్సింది ఎవరు? పాపమూ తప్పూ ఒకటేనా, రెండా? పది ఆజ్ఞలు వేలు పెట్టి చదివాను. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పొద్దని ఉంది. నేను చెప్పింది ఎవరి మీదా కాదు, దేవుడి తరఫున. దేవుడికి అబద్ధపు సాక్షి అవసరమా? మాత్రలు కనిపెట్టిన బుద్ధి ఆయనిచ్చింది కాదా? ఒకవేళ అక్కకు మాత్రలు లేకుండానే తగ్గి ఉంటే, నా అబద్ధం మంచిదయ్యేదా? దేవుడి ముందు మోకాళ్ళూనడం ఇంత తేలికై, అక్క పక్కన కూర్చుని చెప్పడం ఇంత కష్టమేంది? ఆయనకు ముందే తెలుసు కాబట్టేమో.

మొన్న ప్రార్థన కూడికలో అక్క లేచి, తన విశ్వాసం పెరగాలని ప్రార్థన చేయమంది. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను. ఇంటికొచ్చి కాగితం తీశాను.

సుశీలక్క విశ్వాసంలో కొరత లేదు. నేను మాత్రలు మింగాను.

ఈ రెండు మాటలే రాశాను. అక్కకు ఇంకా చెప్పలేదు.