కింది కొస మనిషి

ఇళ్ల సామాన్లు మార్చే కంపెనీలో అతన్ని అందరూ బీరువా అంటారు. మెడ ఉందో లేదో తెలియని భుజాలు, గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరే అలవాటు. మెట్ల మీద ఏ సామాను దించినా భారమంతా పడే కింది కొస అతనిదే, ఇంకెవరినీ పట్టుకోనివ్వడు. అంతటివాడూ ఏటా ఆరోగ్య పరీక్షల రోజున పిల్లిలా మారిపోతాడు. ఎత్తూ బరువూ చూసి వేసే లెక్కలో ఊబకాయమని తేలితే, మోతపని మాన్పించి గేటు దగ్గర కూర్చోబెడతామని ఈసారి మేనేజరు చెప్పాడు. వారం నుంచి బీరువా అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లి, భార్య చేత చీవాట్లు తింటున్నాడు.

ఆ ఉదయం కంపెనీ వరండాలో బెల్టూ చెప్పులూ తాళంచెవులూ పక్కన పెట్టి, దాంతో కూడా బరువు తగ్గుతుందన్నట్టు పొట్ట లోపలికి బిగబట్టి తూకం ఎక్కాడు. ముల్లు ఏమీ మొహమాటపడలేదు. బీపీ చూద్దామంటే పట్టీ అతని జబ్బకి చాల్లేదు. నర్సు నవ్వుకుంటూ పెద్ద పట్టీ తెచ్చింది. తర్వాత నడుముకి టేపు చుట్టి, "పొట్ట వదిలి ఊపిరి తీసుకోండన్నా," అంది. వేలి నుంచి రక్తం చుక్క తీసి చూసి, కాగితం లోపల డాక్టరుకి చూపించి వచ్చి చెప్పింది: "ఆ లెక్కకి కండేదో కొవ్వేదో తెలీదు. మీ నడుమూ బీపీ షుగరూ అన్నీ బాగున్నాయి. మోతపని మానక్కర్లేదని డాక్టరుగారు కూడా అన్నారు." "నిజంగానా అమ్మా?" అని రెండుసార్లు అడిగి, బీరువా ఆ వరండాలోనే కూర్చుని డబ్బా విప్పాడు. మధ్యాహ్నం ఫ్రిజ్ దించుతుంటే పై కొస పట్టుకున్నవాడు కంగారుపడ్డాడు. "అన్నా, బరువంతా నీ మీదే పడుతోంది!" "పడనీరా! ఇవాళ కడుపునిండా తిన్నాను," అంటూ బీరువా ఇంకో మెట్టు దిగాడు.