మాస్టారి పురుగు

రాత్రి వాన పడింది. పొద్దున్నే నారుమడిలో నిలిచిన నీళ్ళు బయటికి తీస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసి, "మాస్టారు పోయారండీ" అంది. పార గట్టు మీద పెట్టి ఇంటికొచ్చాను.

ఆయన మాకు హైస్కూల్లో సైన్సు చెప్పారు. ఉండేది మా పక్కింట్లో. రిటైరయ్యాక రోజూ తెల్లారేసరికి తన వాకిలితో పాటు మా మామిడిచెట్టు మొదలు కూడా ఊడ్చేవారు. "మీకెందుకండీ శ్రమ" అని అమ్మ అంటే, "మీ చెట్టు నీడ మా మీదే కదమ్మా పడేది" అనేవారు. ఏటా మొదటి కాయలు ఆయనకే పంపేది అమ్మ. వీధిలో సగం ఇళ్ళ ఆవకాయ ఆ చెట్టుదే.

ఒక ఏడు తొలకరి వాన వెలిసిన సాయంత్రం మాస్టారు గోడ అవతలనుంచి అమ్మని కేకేశారు.

"అమ్మా, తొందరగా రండి. బయటికొచ్చేసింది!"

మా చెట్టు కాండానికి వేలు పట్టేంత కన్నం. పక్కనే బూడిదరంగు పురుగు, వీపు మీద పసుపు మచ్చలు, ఒంటికంటే పొడుగు మీసాలు. ఆయన పట్టుకుంటే కిర్రుమంది. ఆడది బెరడు కొరికి గుడ్డు పెడుతుందనీ, పిల్లపురుగు కాండం తొలుచుకుంటూ ఏడాదీ ఆపైనా లోపలే పెరుగుతుందనీ, వానలకి రెక్కలతో వస్తుందనీ చెప్పారు. "పోయినేడు నుంచీ కనిపెట్టుకుని ఉన్నానమ్మా" అన్నారు.

"తొలిస్తే పొట్టు రాలుతుంది కదండీ మాస్టారూ. మాకెప్పుడూ కనపళ్ళేదే?" అంది అమ్మ.

"రాలిందమ్మా. నేనే ఊడ్చేశాను."

"అదేంటండీ?"

"చూస్తే మీరు కన్నంలో ఇనపచువ్వ పెట్టి పొడిచేస్తారు కదమ్మా."

"మీ చీపురు చూసి ఎంత మంచివారో అనుకున్నానండీ" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

లోపల ఇంకా ఎన్ని పురుగులున్నాయో, మరుసటి ఎండాకాలానికి చెట్టు పైకొమ్మలనుంచి ఎండిపోయింది. కొట్టించేశాం. తొలిచిన దుంగ ముక్క ఒకటి కావాలని మాస్టారు వచ్చారు. ఇచ్చాను.

ఆయన చెడ్డవారని మీతో అనలేను. వీధిలో పిల్లలందరికీ ఊరికే పాఠం చెప్పారు. "చూడకుండా చంపకండర్రా" అనేవారు. ఇప్పటికీ ఎవరి తోటకెళ్ళినా ముందు చెట్టు మొదలే చూస్తాను. ఆ చూపు ఆయన ఇచ్చిందే. పురుగు మీద మాకు కోపం లేదు. అది మా ఇంట్లో కాఫీ తాగలేదు.

పాస్టరుగారు ప్రార్థన చేశాక సాయంత్రం నాలుగింటికి పెట్టె లేపారు. వీధంతా వెంట వెళ్ళింది. అమ్మ మాస్టారి గేటు దాకా వచ్చింది. ప్రార్థన మొదలవకముందే వెళ్ళిపోయింది.