జాకీలు తీసిన రోజు భోజనం

శామ్యూలు గారు ఇక లేరన్న మాట ఈ ఎడారి దేశంలో, ఘాలాలోని మా సైట్ గేటు దగ్గర విన్నాను. చెప్పినవాడు మల్లేశ్, మా కంపెనీలో స్తంభాలకు కార్బన్ బట్ట చుట్టే బృందానికి ఫోర్‌మన్. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను సేఫ్టీ ఆఫీసర్‌ను కనుక, గేటు లోపల అలా తీయకూడదని చెప్పబోయాను.

"సార్ పోయిండు దొరా," అన్నాడు.

"ఏ సార్?" అని అడిగాను. తెలిసే అడిగాను. మా సైట్‌లో ఏ పేరూ తగిలించకుండా సార్ అంటే ఆయన ఒక్కరే.

అల్ మవాలేలోని ఇంట్లో, డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకోవడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదట. ఆయన భార్య గ్రేస్ గారు నర్సు. ఆసుపత్రి నుంచి ఆమె ఇల్లు చేరేసరికి నింపిన టిఫిన్ క్యారియర్ గుమ్మం దగ్గరే ఉందట. పార్థివదేహాన్ని గోదావరి జిల్లాకు పంపే కాగితాల పనిలో నేనూ ఆమె వెంట తిరిగాను. కౌంటర్లో ఎవరైనా "మీరు ఆయనకు ఏమవుతారు?" అని అడిగితే కంపెనీ మనిషినని చెప్పేవాణ్ని.

నేను ఎవరినీ తేలికగా గారు అనే మనిషిని కాను. మాది జగిత్యాల వైపు దొరల కుటుంబం. భూములు పోయాయి, కోటలాంటి పాత ఇల్లు, గడి, మిగిలింది. తర్వాత గడి పైకప్పు కూడా కూలింది. మాట కాఠిన్యం ఒక్కటే పోలేదు. మల్లేశ్‌ది మా పక్క ఊరు. ఇంత దూరం వచ్చాక కూడా అతని నోట దొరా అన్న పిలుపు మారలేదు, వద్దని నేనూ అనలేదు. అలాంటి నేను శామ్యూలు గారిని మొదటి రోజు నుంచి గారు అనే పిలిచాను. అది ఆయన వయసుకు కాదు, చదువుకూ కాదు. అబద్ధం చెప్పలేని వృత్తిలో ఉండి, ఆ వృత్తికి తగ్గట్టే బతికిన మనిషి ఆయన.

కాలిన కట్టడాలను మళ్లీ నిలబెట్టడం ఆయన వృత్తి. ఈ దేశంలో ఇప్పుడు చాలా స్తంభాలను సన్నని పోగులు కలిపిన కాంక్రీటుతో పోస్తున్నారు. మంటలు వచ్చినప్పుడు ఆ ప్లాస్టిక్ పోగులు కరిగి, లోపలి ఆవిరి బయటికి పోవడానికి దారి ఇస్తాయి. అందువల్ల స్తంభం పగిలి పెళ్లలుగా రాలదు. మసి కడిగేస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉందనేవారు శామ్యూలు గారు. పగిలిన స్తంభాన్ని చూస్తే ఎవడైనా జాగ్రత్తపడతాడు. పగలనిది నమ్మిస్తుంది.

"నిలబడ్డం వేరు, మొయ్యడం వేరండీ రావు గారూ," అని సుత్తితో స్తంభాన్ని తట్టి వినిపించేవారు. "బయటికి చూడండి, ఎంత దర్జాగా ఉందో! లోపల సత్తువ సగం పోయింది. మీ గడి కూడా కొన్నాళ్లు ఇలాగే నిలబడి ఉంటుంది కదండీ?"

మరొకరు ఆ మాట అని ఉంటే మళ్లీ మాట్లాడేవాణ్ని కాదు. ఆయన నవ్వుతూ అన్నారు, పైగా నిజం చెప్పారు. "మా గడికి మీలాంటివారు దొరకలేదు," అన్నాను.

"దొరికినా మీరు రానిచ్చేవారేంటండీ? గేటు దగ్గరే హెల్మెట్ అడిగేవారు!"

చుట్టు గురించి కూడా ఆయన గొప్పలు చెప్పేవారు కాదు. కార్బన్ పోగుల బట్టను రెజిన్ అనే జిగురులో తడిపి స్తంభానికి బిగుతుగా చుడతారు. "ఇది పోయిన బలాన్ని తేదు. మిగిలిన బలాన్ని చెదరనివ్వదు, అంతే," అనేవారు. అందుకే చుట్టడానికి ముందు పనే ఆయనకు ముఖ్యం. వేడి తిన్న పొరను చెక్కాలి, కొత్త మోర్టారుతో పూడ్చాలి, ఆరనివ్వాలి, స్తంభం అంచులను గుండ్రంగా అరగదీయాలి. పదునైన అంచు మీద బట్ట తెగుతుంది. అరగదీసిన ప్రతి అంచునూ ఆయన అరచేతితో నిమిరి చూసేవారు. గరుకు తగిలితే మళ్లీ మొదటికి.

ఓ వేసవిలో మల్లేశ్ మనుషులు పని త్వరగా తెమలాలని బకెట్ నిండా రెజిన్‌లో గట్టిపడే మందు ఒకేసారి కలిపారు. చల్లటి దేశాల్లో ఎలా ఉంటుందో తెలియదు గానీ, ఇక్కడి ఎండలో అది బకెట్లోనే మరిగిపోయి పొగలు కక్కింది. నేను అందరినీ బయటికి తరిమి, మంటలార్పే సిలిండర్ తెచ్చాను. శామ్యూలు గారు తాపీగా వచ్చి, పొగ తగ్గేదాకా దూరంగా నిలబడి, ఆ తర్వాత రాయిలా గట్టిపడ్డ బకెట్‌ను కాలితో తట్టారు.

"ఏం మల్లేశూ, కాలిన బిల్డింగ్‌ని బాగుచెయ్యమంటే మళ్లీ అంటించేస్తావేంటి?"

"జల్ది అయితదనుకున్న సార్."

"అయింది కదా మరి! ఇదిగో, బకెట్ గట్టిపడింది. స్తంభమే మిగిలింది." అంతే, అంతకు మించి ఒక్క మాట అనలేదు. మరునాటి నుంచి తెల్లవారగానే వచ్చి, చిన్న డబ్బాల్లో కొద్దికొద్దిగా కలిపించారు. ఆ బకెట్‌ను మాత్రం పారేయనివ్వలేదు. సైట్ మీటింగుల్లో ఆయన కూర్చునే పీట అదే.

ఆయనతో నాకున్న తగువు ఒక్కటే. చుట్టు పని అంతా ముగిసి, పైన నీళ్ల డ్రమ్ములు పెట్టి బరువు పరీక్ష చేసి, ఆధారంగా నిలిపిన ఇనుప జాకీలన్నీ తీసేశాక, ఆయన సరిగ్గా ఆ పైకప్పు కింద నేల మీద కూర్చుని మధ్యాహ్న భోజనం చేసేవారు. ఏ సైట్‌లోనూ ఇది తప్పలేదు. పని చోట భోజనం నిషిద్ధమన్న బోర్డు పెట్టించినవాణ్ని నేను. ఆయన ఆ బోర్డు కిందే కూర్చునేవారు.

"నిబంధన మీకు వర్తించదా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"పని అయిపోయిందండీ. ఇప్పుడిది ఇల్లు. ఇంట్లో అన్నం తినొద్దా?" అని క్యారియర్ గిన్నె నా వైపు జరిపారు. "చుట్టినోడు కింద కూర్చోకపోతే పైనోడికి నిద్రెలా పడుతుంది? రండి, చేపల పులుసు."

నేను నా క్యాబిన్‌కు వెళ్లి బల్ల దగ్గర తిన్నాను. ఆ తగువు అలాగే మిగిలిపోయింది.

ఆయన చివరి పని ఇక్కడే, ఘాలాలో. కింద టైర్ల గోదాము, పైన కార్మికుల గదులు. మల్లేశ్, అతని మనుషులు ఉండే గదులే అవి. గోదాము అంటుకున్నప్పుడు అందరూ డ్యూటీలో ఉన్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఆనాటి నుంచి వాళ్లు వేరేవాళ్ల రూముల్లో, వంట చోట్లలో సర్దుకుని పడుకుంటున్నారు. మేము అర్బాబు అని పిలిచే యజమాని స్తంభాన్ని చేత్తో చరిచి, "ఇంత గట్టిగా ఉంది, బట్ట చుట్టేయండి, మనుషులు పైకి పోవాలి," అన్నాడు. మల్లేశ్‌కూ అదే కావాలి. "గాళ్ల రూముల ఎన్నొద్దులుంటం సార్? చుట్టుండ్రి, పోతం," అని బతిమాలాడు.

శామ్యూలు గారు ఒప్పుకోలేదు. స్తంభంలోకి డ్రిల్లు దింపి, లోపలి ముక్కను బయటికి తీసి యజమాని చేతిలో పెట్టారు. వేడికి అది లేత గులాబీ రంగుకు తిరిగి ఉంది. యజమాని వేళ్లతో నొక్కితే అంచు పొడిగా రాలి అతని తెల్లటి దుస్తుల మీద పడింది. అతను ఆ పొడిని చూసి, పైగదుల వైపు చూసి, "ఎంత టైమ్ కావాలో తీసుకో, ముహందిస్," అన్నాడు. ఇంజినీరును ఇక్కడ అలాగే పిలుస్తారు. మల్లేశ్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. మళ్లీ తొందరపెట్టలేదు.

మరీ చెడిన ఒక స్తంభాన్ని కొత్తగా పోయించారు. మిగిలినవాటిని చెక్కి, పూడ్చి, చుట్టించారు. ఆ చుట్టు వేడికి తట్టుకోదు కాబట్టి దాని మీద మంటను ఆపే పూత కూడా వేయించారు. ఇక జాకీలు తీయడమే మిగిలింది. అప్పుడు ఆయన పోయారు.

మరో ఇంజినీరు వచ్చి పరీక్షలన్నీ చేశాడు. అంతా సవ్యంగా ఉంది. జాకీలు తీశారు, నేను సంతకం పెట్టాను. పైకి వెళ్లవచ్చని చెప్పాను. ఎవరూ కదల్లేదు. పెట్టెలు, చాపలు పక్కన పెట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డారు.

"ఏమైంది మల్లేశ్? రిపోర్టు బాగుంది."

"రిపోర్టు మంచిగనే ఉంది దొరా. సార్ ఉంటే కింద కూసునేటోడు. ఇప్పుడెవ్వలు కూసుంటరు?"

ఆ కొత్త ఇంజినీరుకు ఈ సంగతి తెలియదు. సంతకం పెట్టినవాళ్లలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. క్యాబిన్‌కు వెళ్లి నా అన్నం డబ్బా తెచ్చుకుని, ఆ పైకప్పు కిందికి నడిచాను. మల్లేశ్ గోడ మీది బోర్డును చూశాడు, నన్ను చూశాడు.

"పని అయిపోయింది. ఇప్పుడిది ఇల్లు," అన్నాను.

"కుర్చీ తెస్త దొరా."

"అక్కర్లేదు."

నేల మీద కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఆ వేడిలో, ఆ అలసటలో వీపు నిలవలేదు. ఆయన చుట్టించిన స్తంభానికి ఆనుకున్నాను. దాని అంచు ఎక్కడా గుచ్చుకోలేదు. మొదటి ముద్ద కలిపి తిన్నాను. రెండో ముద్ద వేళకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. తర్వాత పైగదుల్లో పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు, ఎవరో ఎవరినో తిడుతూ నవ్వడం, నీళ్లు పారబోయడం.

ఈ దేశంలో ఇంజినీర్లకు కొదవ లేదు, రేపు మరొకరు వస్తారు. కానీ లెక్క సరిపోయాక కూడా ఆ లెక్క కింద తనే వెళ్లి కూర్చునే మనిషి మాకు ఒక్కరే ఉండేవారు. ఆయన ఎన్నడూ భోజనం మధ్యలో లేవలేదు. నేనూ డబ్బా ఖాళీ అయ్యేదాకా లేవలేదు.