నేను తిరగేసిన అద్దం

ఆకాశాలను తన మాటతో నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఆయన ముందు దాగేది ఏదీ లేదు. ఈ సంగతి పదేళ్లుగా ఇతరులకి బోధిస్తూ, దాని కిందే నలుగుతున్నాను. వాక్యం చెప్పేటప్పుడు గొంతు బాగానే పలుకుతుంది. కూర్చున్నాక ఆ వాక్యమే నన్ను నిలదీస్తుంది. మీతో చెప్పేస్తాను.

పదేళ్ల కిందట కొత్తపేటలో బడిపంతులుని. స్వదేశం వెళ్లిపోతూ మా మిషను దొరగారు తన దుర్బిణిని మా సంఘానికి ఇచ్చేరు. ఆయనా ఎవరో వాడి వదిలేసింది కొన్నారట. స్టాండు వణికేది. మరలకి తుప్పు. ముందున్న రెండు అద్దాల మధ్య బూజు. దానికి కెమెరా బిగించి చంద్రుణ్ణి ఫోటో తీయాలని, కూటాల్లో దేవుని చేతిపనిగా చూపాలని సంఘపెద్ద గారి కోరిక. అమలాపురంలో స్టూడియో పెట్టుకున్న మా సంఘస్థుడు సుందర్రావు గారు వారం వారం వచ్చి, చెక్కపెట్టె చేయించి, కెమెరా కుదిర్చేరు. అద్దాల జోలికి మాత్రం వెళ్లొద్దనీ, బూజు తానే తుడుస్తాననీ చెప్పేరు. గది తాళం నా దగ్గరుండేది.

నేను వెళ్లేను. ఎందుకు? సాయం చేద్దామనా, ఆయనకేనా అన్నీ తెలుసన్న ఉక్రోషమా? ఇప్పటికీ నిజాయితీగా చెప్పలేను. అద్దాలు విప్పి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ బిగించేను. ఏది ఎటు తిరిగి ఉండేదో చూసుకోలేదు.

ఫోటో అలికేసినట్టు వచ్చింది.

"చంద్రుణ్ణి తెమ్మంటే పూతరేకు తెచ్చేవేంటయ్యా?" అన్నారు పెద్ద గారు. అందరూ నవ్వేరు.

సుందర్రావు గారు నవ్వలేదు. "అద్దం ఎవరో విప్పి తిరగేసేరండీ."

"తాళం మాస్టారి దగ్గరే కదా. ఏం మాస్టారూ, విప్పేవా?"

"లేదండీ," అన్నాను.

"అయితే ఆదివారం అందరి ముందూ విప్పి చూపిస్తానండీ," అన్నారు సుందర్రావు గారు.

"ఆయ్, చూపించు. కాదని తేలితే మాత్రం సహోదరుడి మీద నింద వేసినట్టే."

శనివారం బడి వదిలేక గది తెరిచేను. దూరంగా ఉన్న కొబ్బరి మొవ్వు తేటగా కనపడేదాకా అద్దాలు తిప్పి తిప్పి చూసి, సరిచేసేను. మొదటిది పొరపాటు. ఇది కాదు.

ఆదివారం విప్పితే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సుందర్రావు గారు అద్దం వంక చూసేరు. తర్వాత నా వంక చూసేరు. క్షమాపణ చెప్పమంటే, "నేను చూసింది చూసేనండీ" అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా ఆరాధనలో పంచే ప్రభువు రొట్టె, పాత్ర ముట్టకూడదన్నారు పెద్దలు.

ఆయన రావడం మానలేదు. ప్రతి ఆదివారం వెనక చాప మీద కూర్చునేవారు. రొట్టె పళ్లెం పట్టుకు తిరిగేది నేనే. ఆయన దగ్గరికొచ్చేసరికి పళ్లెం పక్కకి తప్పించేవాణ్ణి. ఆ చేత్తోనే నేను తినేవాణ్ణి. చంద్రుడి ఫోటో తర్వాత చక్కగా వచ్చింది. కూటాల్లో దాన్ని చూపించి ప్రసంగించింది కూడా నేనే.

సుందర్రావు గారు ఏడాది చూసి, స్టూడియో మూసేసి, సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం వెళ్లిపోయేరు. కిందటి నెల అక్కడే పోయేరు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. రొట్టె ముట్టలేదు.

ఆయన చెప్పింది నిజం. అద్దం తిరగేసింది నేను. ఇంతకాలానికి ఈ రెండు మాటలూ రాస్తే ఊపిరి కాస్త ఆడింది, అంతే. ఆయన భార్య నర్సాపురంలోనే ఉన్నారు. నాకు క్షమాపణ దొరకాలని అడగకండి. నేను రేవు దాటి, ఆవిడ ఎదుట నిలబడి, ఇదే మాట నోటితో చెప్పేదాకా దేవుడు నన్ను నిద్రపోనివ్వకూడదని నాతో కలిసి ప్రార్థించండి.