మాట నమ్మని డాక్టరమ్మ

మా వీధి ఆశా కార్యకర్త గడప దగ్గరే నిలబడి, "అక్కా, మన దగ్గుల డాక్టరమ్మ పోయినారంట" అంది. నేను నమ్మలేదు. తిరుపతిలో ఆవిడ దగ్గర పనిచేసిన నర్సుకు ఫోన్ చేస్తే, నిజమేనంది.

పాకాల పక్కన మా ఊరికి ఆవిడ ఎందుకు వచ్చేవారో మీకు చెప్పాలి. చంటిపిల్లలకు నెమ్ము, అదే న్యుమోనియా, రాకుండా వేసే టీకా ఏ మేరకు పనిచేస్తోందో తేల్చే పరిశోధన ఆవిడది. వారం వారం ఆవిడ మనుషులు ఇంటింటికీ వచ్చి, పిల్లలకు దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగేవారు. ఉంటే ముక్కులో సన్నటి పుల్ల తిప్పి, గొట్టంలో పెట్టుకుని పోయేవారు. మా అత్తకు ఆ పుల్ల మీద అనుమానం. నాకు ఆ మనుషుల నవ్వుల మీద అనుమానం. పని లేకుండా అంత మర్యాదగా మాట్లాడేవాళ్ళను నేనెప్పుడూ నమ్మను.

"మా బిడ్డ ముక్కులోది మీకెందుకు? యాడికి ఎత్తుకపోతా ఉండారు?" అని అత్త ఒకరోజు డాక్టరమ్మనే నిలదీసింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "బాగా అడిగినావవ్వా. అడక్కుండా బిడ్డను చేతికిచ్చేవాళ్ళను చూస్తేనే నాకు భయం" అంటూ తిన్నె మీద కూర్చుని, ఆ పుల్ల ఎక్కడికి పోతుందో, దాంట్లో ఏం వెతుకుతారో విడమర్చి చెప్పారు. అత్త అంతా విని, "సూస్తాంలే" అంది.

అసలు చిక్కు వేరే ఉంది. బిడ్డ బాగుందని మేం బయటివాళ్ళతో అనం. దిష్టి తగులుతుందని భయం. బొద్దుగా ఆడుకుంటున్న మా పాపను ఎదురుగా పెట్టుకుని, "ఏం బాగమ్మా, ఎప్పుడూ దగ్గే" అనేది అత్త. వీధి మొత్తం అదే పాట. వచ్చినవాళ్ళు అదే రాసుకుపోయారు. చివరికి టీకా వేసిన పిల్లలకూ దగ్గు తగ్గడం లేదని తేలింది. అది డాక్టరమ్మకు మింగుడుపడలేదు. ఒక పూటంతా మా వీధిలో కూర్చుని, ఎవరినీ ఏమీ అడగకుండా చెవులప్పగించి విన్నారు.

"పిల్లలందరికీ దగ్గంట. నాకు వినబడేది మాత్రం తాతలదే!" అన్నారు. వీధంతా ఒకటే నవ్వు. అప్పటినుంచి అడగడంతో సరిపెట్టకుండా చొక్కా ఎత్తి, నెమ్ము ఉంటే లోపలికి పోయే డొక్కలను కూడా చూడమని తన మనుషులకు చెప్పారు.

చలికాలంలో ఒక పొద్దున అత్త మామూలుగానే "ఎప్పుడూ ఉండే దగ్గే" అంది. పాప ఆరోజు నిజంగా దగ్గుతోంది కానీ, నేనూ జలుబే అనుకున్నాను. డాక్టరమ్మ వెంట వచ్చిన పిల్లకు అత్త మాట తెలుసు, నవ్వుకుంటూ పక్కింటికి కదిలింది. డాక్టరమ్మ కదల్లేదు. పాప గౌను ఎత్తి చూశారు. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. వెంటనే బిడ్డను ఎత్తుకుని, నన్నూ రమ్మని జీపెక్కారు. తిరుపతి ఆసుపత్రి చేరేదాకా పాప పొట్ట మీద నుంచి చూపు తిప్పలేదు. నా బిడ్డ బతికింది. ఆవిడ అనుమానమే బతికించింది.

ఆసుపత్రిలోనూ అత్త ఊరుకోలేదు. "సూది ఏసినా వచ్చిందే, మరి సూదెందుకు?"

"నాకూ అదే కావాలవ్వా. కనుక్కుని వస్తా" అన్నారు. వచ్చారు కూడా. పాపకు వచ్చింది ఆ టీకా ఆపే క్రిమి వల్ల కాదని, వేరే వైరస్ అని మా వంటింట్లో కూర్చుని చెప్పారు. పుల్ల తీసుకుపోయినవాళ్ళు తిరిగొచ్చి సంగతి చెప్పడం అత్త చూడడం అదే మొదలు. తర్వాతి టీకాకు పాపను తనే ఎత్తుకుపోయింది.

నర్సు ఫోన్లో చెప్పిందంతా అత్తకు చెప్పాను. డాక్టరమ్మకు కొన్నాళ్ళుగా దగ్గట. ఎవరు అడిగినా "ఏం లేదు, మామూలుదే" అన్నారట. అంతటి డాక్టరు కదా, అందరూ నమ్మేశారు. ఆసుపత్రికి చేర్చేసరికి నెమ్ము ముదిరిపోయింది.

అత్త పోయి పాప పక్కన కూర్చుంది.

"అంతమంది ఉండారే. ఆయమ్మ మాట నమ్మకుండా, పక్కన కూసోని డొక్క సూసేవాళ్ళు ఒక్కరూ లేకపోయినారా?"

నిద్రపోతున్న పాప పొట్ట మీద ఆనించిన అత్త చెయ్యి లేస్తోంది, దిగుతోంది.