చిగుళ్ళకు చలవ

పళ్ళు తోముకుంటుంటే ఉమ్ములో ఎరుపు కనిపించిన రోజున నేను కారాన్నే అనుమానించాను. మిరప పండే నేల మాది. ఒంట్లో ఏం తేడా చేసినా వేడి చేసిందంటాం, చలవ చేసుకోమంటాం. మా ఇంట్లో చలవ అంటే నెయ్యి. గొడ్డుకారం ముద్ద నోరు మండిస్తే కారం తగ్గించేవాళ్ళు కాదు, నెయ్యి గిన్నె దగ్గరికి జరిపేవాళ్ళు. నేనూ అదే చేశాను. రాత్రిపూట మీగడ పెరుగు కూడా మొదలుపెట్టాను.

మా పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. భార్య పోయాక గుంటూరులో ఈ అద్దె గదుల్లో నా వంట నేనే వండుకుంటున్నాను. పల్చటి పులుసుతో సరిపెట్టుకున్న రోజులున్నాయి గాని, నెయ్యి లేకుండా కంచం ముందు కూర్చున్న రోజు లేదు. మా తాత అన్నంలో వేలు దిగేంత నెయ్యి పోయించుకునేవాడు. ఆయన ఆస్తిలో నాదాకా వచ్చింది ఆ అలవాటే.

చిగుళ్ళు చల్లబడలేదు, వాచాయి. కింది పళ్ళు నాలుకతో నెడితే కదలసాగాయి. ఒకరోజు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దగ్గితే నా నోటి వాసన నాకే తిరిగి వచ్చింది. ఆనాటినుంచి నలుగురిలో తినడం మానేశాను. పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేసి, భోజనాల వైపు చూడకుండా బస్సెక్కేవాణ్ణి.

చీరాలలో ఉండే మా పినతండ్రి కొడుకు ఫోన్లో నిలదీశాడు.

"ఏం అన్నయ్యా, మా ఇంట్లో మెతుకు ముట్టుకుంటే మైలపడతావా? పొలాలు పోయినా ఈయన పొగరు పోలేదంటున్నారు అందరూ."

"అననీ," అన్నాను.

"అననీ ఏంటి? వచ్చే నెల మా మనవడి అన్నప్రాసన. పంక్తిలో పెద్దవాడివి నువ్వు. నువ్వు ముద్ద ఎత్తితే గాని మనవాళ్ళెవరూ ఎత్తరు. ఈసారీ తినకుండా పోయావంటే నీకూ నాకూ మాటల్లేవు."

నాకు ఫోన్ చేసే మనిషి వాడొక్కడే. మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

నాకు కూతురుంటే ఆ డాక్టరమ్మ వయసుండేది. సన్నటి పుల్లలాంటి పరికరంతో పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచి, "చిగుళ్ళ కింద ఎముక కరిగిందండీ. రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అంది.

"పళ్ళకీ రక్తానికీ ఏం సంబంధం?" అన్నాను, కుర్చీలో నిటారుగా లేచి కూర్చుని.

"చేయించుకుని రండి, చెప్తాను."

రిపోర్టు చూసి చెప్పింది. "షుగర్ లేదండీ. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు మాత్రం బాగా ఎక్కువున్నాయి. రక్తంలో కొవ్వు ఎక్కువున్నవాళ్ళలో చిగుళ్ళ జబ్బు తరచుగా కనిపిస్తుంది. చిగుళ్ళలో వాపు చాలాకాలం ఉంటే కొవ్వు పెరగొచ్చు, కొవ్వు పెరిగితే ఆ వాపు ముదరొచ్చు. ఏది ముందో మీ విషయంలో నేను చెప్పలేను. రెండూ చూసుకోవాలి."

"నెయ్యి చలవ కదమ్మా?"

"ఎంత వేసుకుంటారు?"

వేలు మడిచి లోతు చూపించాను. ఆమె రాయడం ఆపింది.

"అది చలవ కాదండీ, స్నానం."

నాకు నవ్వు రాలేదు. ఆమె పంపిన పెద్ద డాక్టరు మాత్రలు రాశాడు, నెయ్యీ మీగడా కట్టిపెట్టమన్నాడు. ఆ రాత్రి పప్పన్నం ఉత్తిగా కలుపుకున్నాను. ఎవరింట్లోనో తింటున్నట్టుంది. సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను.

డాక్టరమ్మ విడతలు విడతలుగా చిగుళ్ళ లోపల పళ్ళకు పట్టిన గార అంతా గీకింది. కదిలే పళ్ళను పక్క పళ్ళతో కలిపి తీగతో కట్టింది. రక్తం రావడం తగ్గింది. వాసన పోయిందో లేదో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. చివరికి ఆమెనే అడిగాను. ఆమె మాస్కు కిందికి లాగి, దగ్గరికి వంగి, "ఇంకోసారి మాట్లాడండి," అంది. ఏం మాట్లాడాలో తోచక నా పేరు చెప్పాను.

"పోయిందండీ," అంది. "మెల్లగా నమిలి తినండి. పళ్ళు నిలుస్తాయి."

చీరాలలో పంక్తి మొదట నన్ను కూర్చోబెట్టారు. నెయ్యి జారీతో వచ్చిన కుర్రకోడలికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అదేంటి అన్నయ్యా!" అన్నాడు పక్కనున్న తమ్ముడు. "మన వంశంలో నెయ్యి వద్దన్నవాడు లేడు."

"చివరికి నెయ్యి కూడా అమ్మేసుకున్నాడేమోరా!" అన్నారెవరో ఎదుటి వరసలో. నవ్వారు. జబ్బు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. పప్పన్నం కలిపి ముద్ద ఎత్తాను. అందరూ ఎత్తారు.

డాక్టరమ్మ చెప్పినట్టే ఒక్కొక్క ముద్దా మెల్లగా నమిలాను. నేను కూర దాటేసరికి మిగతావాళ్ళ మజ్జిగ అయిపోయింది. పెద్దవాడు లేవనిదే లేవకూడదు గనక ఎండుతున్న చేతులతో అలాగే కూర్చున్నారు. కాసేపటికి మాటలు మొదలయ్యాయి. మిరప ధర, ఎవరి మోకాళ్ళో, ఎవరి పిల్లకో సంబంధం. మా తాత సంగతొకటి ఎవరో తప్పుగా చెబితే నేను దిద్దాను.

"త్వరగా కానీ అన్నయ్యా, వెనక పంక్తివాళ్ళు నిలబడ్డారు," అన్నాడు తమ్ముడు చెవిలో.

మీరు లేవండర్రా అంటే సరిపోయేది. అనలేదు. మజ్జిగ పోయించుకుని మళ్ళీ అన్నం కలుపుకున్నాను.